మొదటి రోజు ఎవరిది? 1948కి ముందు ఎల్బీ నగర్ ఊళ్ల భూమి

మన ఊరు, మన కాగితం: 6వ భాగం



దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాళ్లలో గ్రూప్స్‌కు చదివే మన పిల్లలకు ఒక బిట్టు నోటికి వచ్చు. హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్ల రద్దు ఎప్పుడు? 1949 ఆగస్టు 15. ఒక మార్కు. తర్వాత ఇంకో బిట్టు. జవాబు సరైనదే. కానీ ఆ కోచింగ్ హాలు నిలబడ్డ భూమి అంతకుముందు ఎవరి పేరు మీద ఉండేది, ఎవరు దున్నారు, దున్నినోళ్ల మనవలు ఇప్పుడు ఎక్కడ కిరాయికి ఉంటున్నారు అన్నది ఏ మెటీరియల్‌లోనూ దొరకదు. ఈ భాగం దాని గురించే.

నేను ఎల్బీ నగర్ కింద కలిసిపోయిన ఒక ఊరి మాలవాడలో పుట్టాను. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ సర్వే నంబర్ల మీద కేసులు నడుస్తున్నాయి, వాడ పెద్దలు వద్దన్నారు. ఒక్క ప్రశ్న పట్టుకుని ఆఫీసుల చుట్టూ, ముసలోళ్ల గడపల చుట్టూ తిరుగుతున్నాను: 1948 సెప్టెంబర్‌కు ముందు మా ఊరి భూమి ఎవరిది? ఈ ప్రశ్నకు కాగితం ఒక జవాబు చెప్తుంది, వాడ ఇంకో జవాబు చెప్తుంది. రెండింటి మధ్య ఉన్న సందులోనే మన భూమి పోయింది.

1. ఊరి పేర్లలోనే ఉంది

ముందు మన చుట్టూ ఉన్న పేర్లు చూడండి. ఎల్బీ నగర్ అనే పేరు కొత్తది, లాల్ బహదూర్ శాస్త్రి పేరు మీద వచ్చింది. దాని కింద ఉన్న ఊళ్లు పాతవి: సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్, గడ్డిఅన్నారం, కొత్తపేట, నాగోల్, మన్సూరాబాద్, బైరామల్‌గూడ, లింగోజిగూడ, చంపాపేట, సాహెబ్‌నగర్ కలాన్, సాహెబ్‌నగర్ ఖుర్ద్, హయత్‌నగర్. కలాన్ అంటే పెద్ద, ఖుర్ద్ అంటే చిన్న. ఫార్సీ మాటలు, రెవెన్యూ దస్తరంలోంచి ఊరి పేరులోకి ఎక్కినవి. హయత్‌నగర్ కుతుబ్‌షాహీల కాలపు హయాత్ బక్షీ బేగం పేరు. దిల్‌సుఖ్‌నగర్ దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అనే జాగీర్దారు పేరు అని చెప్తారు. ఆస్మాన్‌గఢ్ పైగా వంశానికి చెందిన ఆస్మాన్ జా కట్టించుకున్న కోట. వనస్థలిపురం పక్కన జింకల పార్కు, అదే మహావీర్ హరిణ వనస్థలి, ఒకప్పుడు నిజాం వేట మైదానం.

ఇన్ని పేర్లలో దున్నినోడి పేరు మీద ఒక్క ఊరైనా ఉందేమో వెతకండి.

నిజాం రాజ్యంలో భూమి మూడు రకాలుగా ఉండేదని చదువుకున్నాం. దాదాపు 60 శాతం దివానీ, అంటే సర్కారుకు నేరుగా శిస్తు కట్టే భూమి. దాదాపు 30 శాతం జాగీర్లు, పైగాలు, సంస్థానాలు. మిగిలిన 10 శాతం సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చుల కోసం ఉంచుకున్న భూమి. ఆ సర్ఫ్-ఎ-ఖాస్‌లో ముఖ్యమైనది హైదరాబాద్ చుట్టూ ఉన్న జిల్లా. దాని పేరు అత్రాఫ్-ఎ-బల్దా. బల్దా అంటే పట్నం, అత్రాఫ్ అంటే చుట్టుపక్కల. మనది ఆ జిల్లాలో తూర్పు దిక్కు, షర్ఖీ. నిజాం ఇలాకాల పక్కనే, మధ్యలోనే పైగా ఊళ్లు, జాగీరు ఊళ్లు, ఇనాం ముక్కలు. ఒక ఊరి శిస్తు నిజాం ఖజానాకు, పక్క ఊరి శిస్తు ఒక నవాబు దేవిడీకి పోయేది.

అందుకే "1948కి ముందు ఈ భూమి ఎవరిది" అంటే ఒక్క పేరు సరిపోదు. కనీసం నాలుగు మెట్లు ఉంటాయి. పైన నిజాం లేదా జాగీర్దారు, వాళ్లది శిస్తు తీసుకునే హక్కు. కింద పట్టాదారు, శిస్తు కట్టే పేరు అతనిది. ఇంకా కింద షిక్మీదారు, కౌలుదారు. అందరికన్నా కింద జీతగాడు, వెట్టివాడు, ఊరి సేవకుడు. ఈ నాలుగో మెట్టు దగ్గరకు వచ్చేసరికి కాగితం నోరు మూసుకుంటుంది.

2. ఇంగ్లండ్‌లో వాళ్లు ఏం అడిగారు?

ఇలాంటి పని వేరే దేశంలో ఎట్లా చేశారో చూస్తే మన కాగితాల సంగతి బాగా అర్థమవుతుంది.

1066లో నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండ్‌ను గెలిచాడు. 20 ఏళ్ల తర్వాత, 1086లో, దేశంలో చాలా భాగానికి ఊరూరా సర్వే చేయించాడు. అదే డూమ్స్‌డే బుక్. ఆ సర్వే అధికారులు అడిగిన ప్రశ్నలు చూడండి. ఎడ్వర్డ్ రాజు కాలంలో ఈ భూమి ఎవరిది? ఇప్పుడు ఎవరిది? ఎన్ని నాగళ్లు? రైతులెంతమంది, బానిసలెంతమంది? అప్పుడు విలువెంత, ఇప్పుడు విలువెంత? ఒక ప్రాంతంలో మిగిలిన పత్రం ప్రకారం జవాబులు ప్రమాణం మీద చెప్పిన వాళ్లలో దొరలతో పాటు ప్రతి ఊరి పూజారి, ఊరి పెద్ద, ఆరుగురు రైతులు కూడా ఉన్నారు.

అంటే గెలిచినోడే "నాకు ముందు ఎవరు" అని రాసిపెట్టాడు. అందుకే ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరి చరిత్ర రాసుకునే టీచరు కూడా ఆ పుస్తకం తెరిచి, ఆక్రమణకు ముందు తమ ఊరి సాక్సన్ భూస్వామి ఎవరో, తర్వాత ఏ నార్మన్ దొర చేతికి పోయిందో చెప్పగలడు. 1086 నాటికి రాజు కింద నేరుగా భూములున్న పెద్ద దొరల్లో పాత ఇంగ్లిష్ వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. మొత్తం పై మెట్టు మారిపోయింది. ఆ మార్పు కాగితం మీద కనిపిస్తుంది.

కానీ అందులో రెండు కిటుకులు ఉన్నాయి, మనకు పనికొచ్చేవి.

ఒకటి. విలియం ఓడించిన రాజు హెరాల్డ్. డూమ్స్‌డే మాత్రం పాత లెక్కను హెరాల్డ్ దగ్గర మొదలుపెట్టదు, అంతకుముందు చనిపోయిన ఎడ్వర్డ్ దగ్గర మొదలుపెడుతుంది. హెరాల్డ్‌ను దాదాపు అంతటా రాజుగా కాక దొరగానే రాస్తుంది. విలియం తాను ఎడ్వర్డ్‌కు వారసుడినని చెప్పుకున్నాడు కాబట్టి, మధ్యలో తొమ్మిది నెలలు ఏలినోడు లెక్కలో రాజు కాకుండా పోయాడు. చట్టానికి మొదటి రోజు ఏదో గెలిచినోడు నిర్ణయించాడు.

రెండు. ఆ పుస్తకంలో సుమారు 28 వేల మంది బానిసలు ఉన్నారు. లెక్కకెక్కిన మనుషుల్లో దాదాపు పదోవంతు. దొరలకు పేర్లున్నాయి, ఓడిపోయిన దొరలకు కూడా పేర్లున్నాయి. బానిసలకు అంకెలే ఉన్నాయి.

ఈ రెండు విషయాలూ గుర్తుపెట్టుకుని మన కాగితాల దగ్గరకు వద్దాం.

3. మన మొదటి రోజు ఎవరు రాశారు?

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. దాన్ని విమోచన అనాలా, విలీనం అనాలా, పోలీస్ యాక్షన్ అనాలా అన్న కొట్లాట ప్రతి సెప్టెంబర్‌లో చూస్తున్నాం. నా ప్రశ్న వేరు. ఆ వారం తర్వాత చేను ఎవరి పేరు మీదకు పోయింది?

పైమెట్టు త్వరగానే మారింది. 1949 ఫిబ్రవరిలో సర్ఫ్-ఎ-ఖాస్ భూములు దివానీలో కలిశాయి. అందుకు బదులుగా నిజాంకు ఏటా 25 లక్షల రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఇది 50 లక్షల రాజభరణం కాక, రాజమహళ్ల ఖర్చుకు ఇచ్చిన ఇంకో 25 లక్షలు కాక. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. 1950లో జాగీర్దార్లకు పరిహారం లెక్కగట్టే రెగ్యులేషన్ వచ్చింది. పై మెట్టు మీద ఉన్నోళ్లకు భూమి పోయినా పైసలు వచ్చాయి, ఆ పైసలకు చట్టం ఉంది.

కింది మెట్టుకు? అక్కడ కాగితం రాయాల్సి ఉంది. సైనిక ప్రభుత్వ కాలంలోనే, ఫస్లీ 1358లో, హక్కుల రికార్డు రెగ్యులేషన్ వచ్చింది. దాని కింద ఊరూరా సర్వే నంబరు వారీగా లెక్క తీసి రాసిన పుస్తకమే 1954-55 ఖస్రా పహాణీ. ఇవాళ తెలంగాణలో ఏ భూమి కేసైనా ఆ పుస్తకం దగ్గర ఆగుతుంది. "ఖస్రాలో ఎవరి పేరుంది?" అని వకీలు అడుగుతాడు, జడ్జి అడుగుతాడు, రియల్ ఎస్టేట్ బ్రోకర్ కూడా అడుగుతాడు. అది మన డూమ్స్‌డే.

కానీ ఒక తేడా చూడండి. డూమ్స్‌డేలో "అప్పుడు ఎవరిది, ఇప్పుడు ఎవరిది" అని రెండు ప్రశ్నలు. ఖస్రాలో ఒకటే కాలం: ఇప్పుడు. పట్టాదారు ఎవరు, కాబిజ్ ఎవరు, అంటే కబ్జాలో ఉన్నది ఎవరు. అది కూడా 1954-55 నాటికి. 1948 సెప్టెంబర్‌కూ ఖస్రాకూ మధ్య ఉన్న ఆరేడేళ్లలో ఏం జరిగిందో ఆ గళ్లు చెప్పవు.

ఆ ఆరేడేళ్లలో ఏం జరిగింది? సాయుధ పోరాటంలో దాదాపు 3 వేల ఊళ్లలో 10 లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టులు రాసుకున్నారు. సైన్యం వెనకాల దేశ్‌ముఖులు, పటేళ్లు ఊళ్లకు తిరిగి వచ్చారు, పంచిన భూములు చాలాచోట్ల వెనక్కి లాక్కున్నారు. మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన ఊచకోతలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ప్రాణాలతో పాటు ఇళ్లూ భూములూ పోయాయి. 1951 ఏప్రిల్ 18న, ఎల్బీ నగర్ నుంచి గంట ప్రయాణం దూరంలో ఉన్న పోచంపల్లిలో, దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు, భూదానం అక్కడ పుట్టింది. ఇచ్చినోడి పేరు మనందరికీ తెలుసు. అడిగిన కుటుంబాల్లో ఒక్కరి పేరైనా ఎవరికి తెలుసు?

ఈ గందరగోళం మీద దుమ్ము కూర్చున్నాక ఖస్రా రాశారు. రాసిన కలం ఎవరిది? ఊరి పట్వారీది. మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ అన్నవి వంశపారంపర్యంగా వచ్చే పదవులు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా ఆ కలం ఆ ఇళ్లలోనే ఉంది. మాలవాడ, మాదిగవాడ నుంచి ఆరుగురిని పిలిచి ప్రమాణం చేయించి అడగాలన్న నిబంధన మనకు లేదు.

4. నీరటి అనే గడి

అయితే ఖస్రాకు ముందు కాగితాలే లేవా? ఉన్నాయి. మొదటి సర్వే తర్వాత తయారైన సేత్వార్ ఉంది. నంబర్లు, విస్తీర్ణం, శిస్తు ఎలా మారాయో చూపే వసూల్ బాకీ ఉంది. ఏటా జరిగిన పట్టా మార్పులు ఎక్కించే ఫైసల్ పట్టీ ఉంది. ఇనాం విచారణ అయ్యాక ఇచ్చిన మున్తఖబ్‌లు ఉన్నాయి. నిజాం కాలపు పాత పహాణీలు ఉన్నాయి. సర్వే రికార్డులు నారాయణగూడ సర్వే ఆఫీసులో, పాత దస్తరాలు తార్నాక రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, కొన్ని తహశీల్ ఆఫీసుల బీరువాల్లో.

చాలావరకు ఉర్దూలో, గొలుసుకట్టు రాతలో ఉంటాయి. తేదీలు ఫస్లీలో. ఫస్లీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది, ఎందుకంటే హైదరాబాద్ ఫస్లీ అక్టోబర్‌లో మొదలయ్యేది. ఫస్లీ 1357 అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ దాకా. సైన్యం వచ్చింది ఆ ఏడాది చివర్లో. కాబట్టి "ముందు" కావాలంటే 1357, దానికి వెనక.

ఒక ఆఫీసులో అర్జీ పెట్టి, చాలాసార్లు తిరిగి, మా ఊరి చెరువు కింద ఉన్న కొన్ని నంబర్ల నకలు సంపాదించాను. ఉర్దూ వచ్చిన ఒక పెద్దాయన చదివి పెట్టాడు. పట్టాదారుల పేర్లు ఉన్నాయి. తండ్రి పేర్లతో సహా ఉన్నాయి. ఒక చిన్న తరి ముక్క దగ్గర ఆయన ఆగాడు. "ఇక్కడ పేరు లేదు బిడ్డా. నీరడి అని ఉంది."

నీరడి అంటే నీరటి. చెరువు తూము తెరిచి మూసేవాడు, ఏ మడికి ఎన్ని గడియలు నీళ్లు పోవాలో చూసేవాడు, రాత్రి గండి పడితే ముందు పరుగెత్తేవాడు. మా తాత చేసిన పని అదే. మా ఊళ్లో ఆ పని మా వాడదే. కాగితంలో ఆయన మనిషి కాదు, పని.

పేరు లేకపోయినా ఆ గడి ఖాళీ కాదు. అక్కడ మనం ఉన్నామని అదే సాక్ష్యం. దళితులు పాత కాగితంలో ఎక్కడ కనిపిస్తారో వెతికేటప్పుడు నేను మూడు చోట్ల చూస్తాను.

మొదటిది సేవా ఇనాములు. నీరటి ఇనాం, ఊరి కావలి, సర్కారు కబురు చూసే సేత్‌సింధి ఇనాం, చెప్పులు, మోట బొక్కెన, వడ్రంగం, కమ్మరం లాంటి పనులకు ఇచ్చే బలూతా ఇనాం. పని చేసినంతకాలం ముక్క దున్నుకో అన్నది షరతు.

రెండోది షిక్మీ, కౌలు గళ్లు. పట్టా దొరది, సాగు మనది.

మూడోది సివాయి జమాబందీ. సర్కారు కంచెలో, పడావు భూమిలో ఎవరైనా దున్నితే జుర్మానా లెక్కన శిస్తు వేసి రాసే జాబితా. భూమిలేని మనోళ్లు రాళ్లు ఏరి చెలక చేసుకున్నది అక్కడ. కాగితం వాళ్లను ఆక్రమణదారు అంటుంది. కానీ ఆ జాబితాలో పేరుంటే, ఫలానా ఏడు ఫలానా నంబరు ఫలానా మనిషి దున్నాడని సర్కారే ఒప్పుకున్నట్టు. జుర్మానా రసీదు కూడా సాగుకు రుజువే.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాత కాగితంలో మనం కనిపించాం కాబట్టి నిజాం కాలం మన కాలం అనుకోవద్దు. సేవా ఇనాం అంటే జీతానికి బదులు ఇచ్చిన మట్టి. దానికి కట్టి పడేసి ఇంటిల్లిపాదితో వెట్టి చేయించారు. పక్కన బొంబాయి రాష్ట్రంలో మహార్ వతన్ కూడా ఇదే. ఆ ముక్క భూమి మహార్లను బానిసలుగా ఉంచుతోందని బాబాసాహెబ్ అంబేడ్కర్ 1928లో బొంబాయి కౌన్సిల్‌లో బిల్లు పెట్టాడు. ఆయన అడిగింది భూమి వదులుకోమని కాదు, భూమికీ వెట్టికీ ఉన్న ముడి తెంపమని. మన నీరటి గడిని కూడా ఆ చూపుతోనే చదవాలి.

5. తలుపు పెట్టారు, మనకు మూశారు

1948 తర్వాత వచ్చిన భూ చట్టాలు మంచివే అని పరీక్షల్లో రాస్తాం. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి, నాలుగో మెట్టు మీద ఉన్నోడికి ఏ తలుపు తెరిచింది అని చూడండి.

1950 కౌలు చట్టం రక్షిత కౌలుదారు అన్న హక్కు తెచ్చింది. నిర్ణీత కాలంలో ఆరేళ్లు వరసగా సాగు చేసినట్టు తేలితే కౌలుదారును తీసేయడానికి వీల్లేదు. 1951లో జాబితాలు రాశారు. ఉస్మానియా ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో జాగీర్దారీ రద్దు ఫలితాల మీద చేసిన అధ్యయనం 1958లో వచ్చింది. 1951 నాటి ప్రతి వంద మంది రక్షిత కౌలుదార్లలో నాలుగేళ్ల తర్వాత అలాగే మిగిలింది 45 మంది. సుమారు 12 మంది భూమి కొనుక్కున్నారు. దాదాపు 22 మందిని చట్టవిరుద్ధంగా వెళ్లగొట్టారు. ఇంకో 17 మందికి పైగా "ఇష్టపూర్వకంగా వదులుకున్నారు". దొర గడప ముందు వేలిముద్ర వేసినోడి ఇష్టం ఎంతో మన వాడలకు తెలుసు. ఖస్రా పహాణీ రాసింది సరిగ్గా ఈ నాలుగేళ్ల చివర. వెళ్లగొట్టడం అయ్యాక "కాబిజ్ ఎవరు" అని అడిగారు. రక్షిత కౌలుదారును యజమానిగా చేసే 38-ఇ సెక్షన్ చాలా జిల్లాల్లో అమలుకు వచ్చింది 1973లో. అప్పటికి ఎంతమంది మిగిలి ఉంటారో ఆలోచించండి.

1955 ఇనాముల రద్దు చట్టం ఇంకా స్పష్టం. ఇనాం భూమి సర్కారుకు పోతుంది, దానిమీద ఉన్న ఇనాందారు, కాబిజ్-ఎ-ఖదీమ్, పర్మినెంట్ కౌలుదారు, రక్షిత కౌలుదారు, మామూలు కౌలుదారు అందరికీ వరసగా హక్కు ఇచ్చే సెక్షన్లు ఉన్నాయి. కాబిజ్-ఎ-ఖదీమ్ మాట గమనించండి. ఇనాం ఇచ్చే నాటికే భూమి మీద ఉన్నోడు కూడా దాని కింద వస్తాడు. అంటే దొర రాకముందు ఎవరున్నారు అన్న ప్రశ్న మన చట్టానికీ తెలుసు! కానీ అదే చట్టం మొదటి సెక్షన్‌లోనే, ఊరి సేవకు ఇచ్చిన ఇనాములకు ఇది వర్తించదని రాసింది. సేత్‌సింధి, నీరడి, బలూతా అని పేర్లు పెట్టి మరీ బయట పెట్టింది. మిగతా ఇనాంలకు హక్కు వచ్చింది. మన ఇనాంకు పని మిగిలింది.

1958లో బొంబాయి రాష్ట్రం కింది స్థాయి గ్రామ వతన్లను రద్దు చేస్తూ, ఆ భూమిని వతన్‌దారుకే తిరిగి ఇచ్చే చట్టం చేసింది. అక్కడ అంబేడ్కర్ 30 ఏళ్ల కిందట మొదలుపెట్టిన పోరాటం ఉంది. మన దగ్గర సేత్‌సింధులు, నీరటోళ్లు గ్రామ సేవకులయ్యారు, తర్వాత వీఆర్‌ఏలయ్యారు. 2023లో వాళ్లను వేరే శాఖల్లో సర్దారు. పని పేరు మూడుసార్లు మారింది. మడి సంగతి మాత్రం గాలిలో ఉండిపోయింది.

సర్కారు భూమి పంచిన లావుణి పట్టాల కథ కూడా ఇంతే మెలికలది. 1958 జూలై 25 నాటి జీవో 1406 తర్వాత ఇచ్చిన అసైన్‌మెంట్ భూమి అమ్మకూడదన్న షరతుతో వచ్చింది. 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం దాన్ని గట్టి చేసింది. ఆ చట్టం మనల్ని కాపాడటానికే. నగరం మన చెలక దాకా వచ్చినప్పుడు మాత్రం లెక్క తిరగబడింది. పేదోడు అమ్మితే షరతు ఉల్లంఘన, భూమి వెనక్కి. కొన్నోడి పలుకుబడిని బట్టి క్రమబద్ధీకరణ.

6. నగరం అన్నిటినీ ప్లాట్లు చేసింది

మా చిన్నప్పుడు తరి అన్నా, ఖుష్కీ అన్నా అర్థమయ్యేది. ఇప్పుడు గజాలు. ఒక సర్వే నంబరు మీద వందల దస్తావేజులు, వాటి మీద లింకు డాక్యుమెంట్లు. అపార్ట్‌మెంట్ కొనే మధ్యతరగతి మనిషి 30 ఏళ్ల ఈసీ తీసి ధైర్యం తెచ్చుకుంటాడు. 30 ఏళ్ల వెనక ఏముందో అతనికి అక్కర్లేదు. అతనిది కుట్ర అని నేను అనను, అతనిదీ జీవితకాలం అప్పు. కానీ ఆ ఈసీ మొదటి పేజీకి ముందు ఒక పట్వారీ కలం ఉంది, దానికి ముందు ఒక వేలిముద్ర ఉంది.

2020 అక్టోబర్ వరదల్లో సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగినప్పుడు టీవీల్లో పడవలు చూశాం. ఏ చెరువు కింద ఎక్కడిదాకా నీళ్లొస్తాయో నీరటికి తెలుసు. అతని మడి పోయింది, అతని తెలివిని అడిగే పనీ పోయింది.

అదే 2020 అక్టోబర్‌లో ధరణి వచ్చింది. ఖస్రాలో కనీసం కాబిజ్ అని ఒక గడి ఉండేది, తర్వాత పహాణీల్లో అనుభవదారు అని ఉండేది. పట్టా ఒకడిది, సాగు ఒకడిది అని చెప్పగలిగిన ఒకే ఒక్క గడి అది. ధరణిలో అనుభవదారుకు చోటు లేదు. 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి రోజున, భూ భారతి మొదలైంది. తేదీ మనది. ఆ కంప్యూటర్‌లోకి ఎక్కుతున్న మొదటి పేరు ఎవరిదో చూడటం మన పని.

7. విద్యార్థులకు పని

సానుభూతి వద్దు, పని కావాలి. మీ ఊరు ఎల్బీ నగర్ అయినా, ఇబ్రహీంపట్నం అయినా, ఇంకెక్కడైనా ఇలా మొదలుపెట్టండి.

ముందు పొలాల పేర్లు రాసుకోండి. నీరటోని మడి, మాదిగోళ్ల చెలక, బేగరోళ్ల కుంట లాంటి పేర్లు అవ్వల నోట్లో ఇంకా ఉన్నాయి. ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, గట్లు ఏవి అన్నది రాసి, ఫోన్లో వాళ్ల గొంతు రికార్డు చేయండి. డూమ్స్‌డే ఆరుగురు రైతులను ప్రమాణం చేయించి అడిగింది. మన వాడలో ఆ ఆరుగురిని మనమే అడగాలి. వాళ్లు ఇంకెంతకాలం ఉంటారు?

తర్వాత ఆ పొలం పేరును సర్వే నంబరుకు కలపండి. ఊరి నక్ష తీసుకోండి. చెరువు, తూము, బాట, శ్మశానం గుర్తు పెట్టుకుంటే నంబరు దొరుకుతుంది.

ఆ తర్వాత వెనక్కి నడవండి. ఇప్పటి రికార్డు, 1954-55 ఖస్రా, 1951 రక్షిత కౌలుదార్ల జాబితా, ఫస్లీ 1357కు ముందు పహాణీలు, సేత్వార్. ప్రతిదానికీ సమాచార హక్కు కింద సర్టిఫైడ్ నకలు అడగండి. "దొరకలేదు" అంటే అదీ రాతపూర్వకంగా తీసుకోండి. రెండు సంవత్సరాల మధ్య పేరు మారితే ఏ ఉత్తర్వు మీద మారిందని అడగండి. ఉత్తర్వు లేకుండా మారిన పేరే మీ అసలు ఆధారం.

ఒక్క కాగితాన్ని నమ్మవద్దు. నిజాం కాలపు మున్తఖబ్, సర్ఫ్-ఎ-ఖాస్ సనద్ అంటూ తిరిగే నకిలీలకు హైదరాబాద్‌లో పెద్ద బజారే ఉంది. పాత కాగితం వాసన చూసి మోసపోవద్దు. సేత్వార్‌లో విస్తీర్ణం, వసూల్ బాకీలో నంబరు, పహాణీలో సాగు కలవాలి. కలవకపోతే పక్కన పెట్టండి. మన వాడకు అనుకూలంగా ఉన్న కాగితానికి కూడా ఇదే నియమం. మనం తెచ్చే ఒక్క దొంగ కాగితం వంద నిజమైన వేలిముద్రలను చంపేస్తుంది.

చివరగా, ఉర్దూ నేర్చుకోండి. ఇది భక్తి కోసం కాదు, బంధుత్వం కోసం కూడా కాదు. మన తాతల పని పేరు ఆ లిపిలో ఉంది. దాన్ని ఇంకొకరు చదివి చెప్పాల్సిన పరిస్థితి ఎంతకాలం?

మా ఊరి సంగతి ఇప్పటికి ఇంత తేలింది. శిస్తు తీసుకున్న పేరు తెలుసు, శిస్తు కట్టిన పేర్లు తెలుసు. తూము దగ్గర మడికి మనిషి పేరు లేదు, నీరడి అని ఉంది. ఖస్రాలో ఆ ముక్క మీద వేరే ఇంటి పేరు ఉంది. ఏ ఉత్తర్వు మీద మారిందని రాతపూర్వకంగా అడిగాను, జవాబు రావాలి. ఈలోపు వాడలో నలుగురు ముసలోళ్ల గొంతులు రికార్డు అయ్యాయి. నలుగురూ ఆ మడికి మా తాత పేరే చెప్పారు.

కోర్టుకు మొదటి రోజు 1954. సర్కారు పండుగకు మొదటి రోజు 1948 సెప్టెంబర్ 17. మనకు మొదటి రోజు ఏదో ఇంకా ఎవరూ రాయలేదు. అది రాయాల్సింది మనమే, నకళ్లతో, గొంతులతో, నంబర్లతో.

వచ్చే భాగంలో: పాత పహాణీలో తరచుగా వచ్చే 30 ఉర్దూ మాటలు, వాటి అర్థాలు. మీ దగ్గర పాత శిస్తు రసీదులు, జుర్మానా చీటీలు ఉంటే ఫోటో తీసి దాచుకోండి, అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వకండి.

జై భీమ్.